డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ ఆటకు నిజంగా ఒక లక్ష్యం ఉందా?

కృష్ణాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను తెనాలి పక్కన ఒక పల్లెటూరి బడిలో లెక్కలు చెబుతాను. వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చిన మేనల్లుడు తిరిగి వెళ్లేముందు నా పాత ల్యాప్‌టాప్‌లో డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే ఉచిత ఆటను ఎక్కించి, "అత్తా, ఇది నీకు నచ్చి తీరుతుంది" అని చెప్పి హైదరాబాదు బండెక్కాడు. తెర మీద బొమ్మలేమీ లేవు. అన్నీ అక్షరాలూ, గుర్తులూ, రంగులూ. నవ్వుముఖం గుర్తు ఒక మరుగుజ్జు, చిన్న 'డి' అక్షరం కుక్క, చిన్న 'సి' పిల్లి, పెద్ద 'ఇ' కనిపిస్తే ఏనుగు. మొదటి రెండు రోజులు ఏది గోడో ఏది నేలో తెలియక తల తిరిగిపోయింది. మూడో రోజుకు ఆ అక్షరాల వెనక ప్రాణులు కనిపించసాగాయి.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. ఏడుగురు మరుగుజ్జులు ఒక బండి నిండా సరుకులతో, మనం ఎంచిన చోట దిగుతారు. వాళ్లను మనం చెయ్యి పట్టుకుని నడిపించలేము. ఇక్కడ తవ్వండి, అక్కడ మంచం వేయండి, ఈ రాయితో తలుపు చెక్కండి అని పని పురమాయిస్తే, తీరిక ఉన్నవాళ్లు వచ్చి చేస్తారు. నేల కింద పుట్టగొడుగులు పండించి, వాటితో మద్యం కాచి పీపాల్లో నింపి ఉంచాలి, ఎందుకంటే మద్యం దొరకని మరుగుజ్జు నీళ్లతో ప్రాణం నిలుపుకున్నా పనిలో మందగిస్తాడు. కొత్తగా బతకడానికి వలస వచ్చేవాళ్లు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటారు. రెండో ఏడాది వసంతానికి నా కోటలో 31 మంది ఉన్నారు.

అప్పుడే నేను పెద్ద తప్పు చేశాను. రాతి నేల మీద పంట పెట్టాలంటే ముందు దానిని నీటితో తడిపి బురద చేయాలి. డెల్టాలో కాలువల మధ్య పుట్టిన దాన్ని కాబట్టి ఆ పని నాకు కొత్త కాదనుకున్నాను. ఏటి పక్క నుంచి పొలం దాకా సొరంగం తవ్వించి, చివరి రాయి కూడా తీయించాను. నీటిని ఆపే తలుపు ఒకటి ముందే కట్టాలన్న ఆలోచన నాకు రాలేదు. నీటి లోతును ఈ ఆట 1 నుంచి 7 దాకా అంకెలతో చూపిస్తుంది. సొరంగంలో అంకెలు మూడయ్యాయి, అయిదయ్యాయి, ఏడయ్యాయి. ఆ ఏడులు మెట్ల మీదుగా కిందికి దిగి, పడకగదులన్నిటినీ ఒకదాని తరువాత ఒకటిగా నింపాయి. చివరి రాయి తీసినవాడి పేరు ఊరిస్ట్. మొదట పోయినవాడూ అతనే. తొమ్మిది మంది మిగిలారు, కానీ పోయినవాళ్లంతా వాళ్ల భార్యలూ, భర్తలూ, పిల్లలూ కావడంతో ఒకరు ఏడుస్తూ తిండి మానేశారు, మరొకరు కోపంతో పక్కవాడి మీద పడ్డారు. చలికాలం రాకముందే కోట ముగిసిపోయిందని తెర మీద ఒక వాక్యం వచ్చింది.

ఆ రోజు మా ఆయన "ఇంతకీ ఇందులో గెలవడమంటే ఏమిటి?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. రేఖాగణితంలో ఒక సిద్ధాంతం రాసేటప్పుడు దత్తాంశం ఏమిటో, నిరూపించవలసినది ఏమిటో ముందు వేరువేరుగా రాయమని పిల్లలకు నేర్పుతాను. ఈ ఆట నాకు దత్తాంశాన్ని బండ్లకెత్తి ఇచ్చింది గాని, నిరూపించవలసినది ఏమిటో ఎక్కడా చెప్పలేదు. నాకు కనబడని లక్ష్యం ఏదైనా లోపల దాగి ఉందా? లేక ఆట ఇంకా పూర్తి కాలేదా? అసలు లక్ష్యమే లేకపోతే, ఆ 31 మంది పోయినందుకు నేను రెండు రాత్రులు సరిగా నిద్రపోలేకపోవడం ఎందుకు? దీనిని చాలాకాలంగా ఆడినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఓరుగల్లు వాకిలి

కృష్ణాతీరం గారూ, సూటి జవాబు ముందే చెప్పేస్తాను: లేదు. మీ కంటపడకుండా దాగిన ఆఖరి ఘట్టమేదీ లేదు, "మీరు గెలిచారు" అని చెప్పే తెర ఈ ఆటలో ఎక్కడా రాదు. కోట అంతరించడానికి దారులు లెక్కలేనన్ని ఉన్నాయి. అంతరించకపోతే, మీకు చాలుననిపించినప్పుడు దాని మానాన దానిని వదిలి మరొక చోటికి వెళ్లవచ్చు. అంతకు మించి మూడో ముగింపు లేదు. ఓడిపోవడం కూడా సరదాయే అన్న మాటను ఈ ఆట తన సహాయ పుటల్లోనే రాసుకుంది, ఆడేవాళ్లందరికీ అది ఊతపదమైపోయింది.

అలాగని ఇది గాలికి పుట్టిన ఆట కాదు. టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే ఇద్దరు అమెరికన్ అన్నదమ్ములు 2002లో దీని పని మొదలుపెట్టి, 2006 ఆగస్టులో మొదటి రూపాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చారు. టార్న్ మీ శాస్త్రం మనిషే. స్టాన్‌ఫర్డ్‌లో గణితంలో డాక్టరేటు చేసి, ఆ తరువాత టెక్సాస్‌లోని విశ్వవిద్యాలయంలో దొరికిన పరిశోధన ఉద్యోగాన్ని ఈ ఆట కోసం వదులుకున్నాడు. ఆ తరువాత చాలా ఏళ్లు ఆ ఇద్దరూ ఆడేవాళ్లు ఇష్టపడి పంపిన విరాళాలతోనే బతికారు, విరాళం ఇచ్చినవారికి చేత్తో గీసిన బొమ్మో, రాసిన చిన్న కథో పంపేవారు. బొమ్మలతో కూడిన రూపాన్ని 2022 డిసెంబరులో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో వెల కట్టి అమ్మారు. వయసు మీద పడుతుండగా వైద్యం ఖర్చుల భయం పట్టుకోవడమే ఆ నిర్ణయానికి కారణమని వాళ్లు దాచకుండా చెప్పారు. మీరు ఆడుతున్న అక్షరాల రూపం మాత్రం ఇప్పటికీ ఉచితమే. న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియం 2012లో తన సేకరణలోకి తీసుకున్న మొదటి 14 వీడియో ఆటల్లో ఇదొకటి.

మీ ప్రశ్నకు దగ్గరి సంగతి వాళ్లు పనిచేసే పద్ధతిలో ఉంది. జాక్ ఒక చిన్న కథ రాస్తాడు. తరువాత అన్నదమ్ములిద్దరూ కూర్చుని ఆ కథను వాక్యం వాక్యంగా విడగొట్టి, ఇటువంటి సంఘటన ఎవరూ రాయకుండానే ఆటలో తనంతట తాను జరగాలంటే లోపల ఏమేమి ఉండాలో పట్టిక వేసుకుంటారు. ఒక పాత్రకు పగ ఉందంటే ఆటలో జ్ఞాపకం ఉండాలి, జ్ఞాపకం ఉందంటే అది మనసును మార్చాలి, మారిన మనసు చేతల్లో కనిపించాలి. కాబట్టి లక్ష్యం లేదనడం కన్నా, లక్ష్యం చేసినవాళ్ల దగ్గర ఉందనడం సరైనదని నా అభిప్రాయం. వాళ్ల లక్ష్యం కథలు పుట్టే నేలను తయారుచేయడం. ఆ నేల మీద మీరు ఏం చేయాలన్నది వాళ్లు కావాలనే ఖాళీగా వదిలారు.

ఆ నేల ఎంత లోతుగా తయారైందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2015 చివరలో ఆటలోకి మద్యశాలలు వచ్చాయి. కొద్ది రోజులకే కోటల్లో పిల్లులు వరసగా చచ్చిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. వెతికి చూస్తే తేలింది ఇది: తాగేవాళ్లు ఒలకబోసిన మద్యంలో పిల్లులు నడిచాయి, తరువాత అలవాటుగా తమ పాదాలను నాకి శుభ్రం చేసుకున్నాయి, అలా నాకిన ప్రతిసారీ ఒక నిండు పాత్ర తాగినట్టు ఆట లెక్క కట్టింది. ఒలికిన ద్రవం అంటుకోవడం, పిల్లి ఒళ్లు నాక్కోవడం, చిన్న ఒంటికి మద్యం విషం కావడం అన్నవి విడివిడిగా రాసిన మూడు నియమాలు. అవి మూడూ కలిసి, వాటిని రాసినవాడే ఊహించని చావును పుట్టించాయి. మీ కోటలో ఊరిస్ట్ చావు కూడా సరిగ్గా ఇటువంటిదే. ఎవరూ రాసిపెట్టని కథ, మీ కాలువ వల్ల జరిగింది.

గెలుపు లేనిది ఆట ఎలా అవుతుందన్న సందేహం మీ ప్రశ్న వెనక ఉందని నాకనిపించింది. మన భాషలో ఈ చిక్కు ఎప్పుడో విడిపోయింది. మనకు వైకుంఠపాళీ ఆటే, దానికి చివరి గడి ఉంది. గుజ్జనగూళ్లూ ఆటే. పిడికెడు బియ్యంతో బొమ్మ గిన్నెల్లో అన్నం వండి, ఆకుల్లో వడ్డించి, ఇంట్లో పెద్దవాళ్లను పిలిచి కూర్చోబెట్టిన పిల్లను పట్టుకుని "నువ్వు గెలిచావా?" అని ఎవరైనా అడుగుతారా? తోలుబొమ్మలాట కూడా ఆటే, సినిమాహాల్లో మొదటి ఆట, రెండో ఆట అన్నా అదే మాట. గెలుపోటములు ఉన్నదానిని ప్రత్యేకంగా చెప్పాలనుకున్నప్పుడు పందెం అంటాం, పోటీ అంటాం. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ గుజ్జనగూళ్ల జాతిది. కాకపోతే ఆ బొమ్మ గిన్నెల్లో అన్నం నిజంగా ఉడుకుతుంది, కుదురుగా చూసుకోకపోతే నిజంగా మాడుతుంది.

నిద్ర పట్టకపోవడం గురించి అడిగారు. వాళ్లలో ప్రతి ఒక్కరికీ పేరుంది, బంధువులున్నారు, ఇష్టమైన రాయీ ఇష్టమైన తిండీ ఉన్నాయి. వాళ్లు పోయింది యంత్రం విసిరిన పాచిక వల్ల కాదు, మీరు వేసిన పథకం వల్ల. ఈ రెండూ కలిస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. నా మొదటి కోట పోయినప్పుడు నేను వారం రోజులు ఆటను తెరవలేదు.

రాతిమేడ

ఓరుగల్లు వాకిలి గారి మాటల్లో చాలావాటితో ఏకీభవిస్తాను గాని, "లేదు" అని అంత ఖండితంగా చెప్పడాన్ని ఒప్పుకోలేను. ఈ ఆట మనకు లక్ష్యాన్ని నోటితో చెప్పదు, చేతలతో చెబుతుంది. కోటలో పోగుపడిన సంపదనూ జనాభానూ అది లోపల ఎప్పుడూ లెక్క వేస్తూనే ఉంటుంది. సంపద పెరిగితే వలస జనం ఎక్కువగా వస్తారు, దొంగలు వస్తారు, గాబ్లిన్లనే శత్రుజాతి దండు వచ్చి కోటను ముట్టడిస్తుంది. ఏటా శరత్తులో సొంత రాజ్యం నుంచి వర్తకుల బండ్లు వస్తాయి, వాటితోపాటు రాజప్రతినిధి వస్తాడు. కోట ఒక స్థాయికి ఎదిగిందని అతనికి తోచిననాడు దానికి ఒక సామంత పదవిని ప్రకటిస్తాడు. దానిపైన మరొకటి, ఆపైన మరొకటి ఉన్నాయి, చివరకు రాజో రాణో స్వయంగా తరలివచ్చి మీ కోటనే రాజధాని చేసుకుంటారు. మెట్లు ఉన్నాయి, ఆ మెట్లకు పైమెట్టు ఉంది. దానిని లక్ష్యం అనకపోతే మరేమనాలి?

రెండోది, లోతు. కొండ కింద చాలా దిగువన నీలిరంగు లోహం ఒకటి దొరుకుతుంది. దానితో చేసిన కత్తికి సాటి లేదు, దానితో చేసిన కవచం ఈకంత తేలిక. ఆ లోహపు స్తంభాలను ఎంతవరకు తవ్వవచ్చో, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం ఈ ఆటలోని అతి పెద్ద పరీక్ష. దాని కింద ఏముందో కృష్ణాతీరం గారికి ఇప్పుడే చెప్పడం న్యాయం కాదు కనుక చెప్పను. కానీ అక్కడికి చేరి, అక్కడి నుంచి వచ్చినదానిని తట్టుకుని నిలబడిన కోటకు ఈ ఆటలో ఇక భయపడవలసినది పెద్దగా ఉండదు. అది గెలుపు కాదని నాతో ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నా నాలుగో కోటకు రాణి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. రాత్రి పన్నెండు దాటింది, ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. తెర అంచున చిన్న గుంపు కనిపించింది, అందులో ఒక గుర్తు వేరే రంగులో వెలుగుతోంది. ఆ ముందు మూడు ఏళ్ల ఆట కాలమంతా నేను చేసినదానికి అర్థం ఏమిటో ఆ ఒక్క గుర్తు నాకు చెప్పింది. అప్పుడు కలిగిన తృప్తి గెలుపు తృప్తే.

ఓరుగల్లు వాకిలి

రాతిమేడ గారూ, మీ తృప్తిని నేను కాదనడం లేదు. అది నాకూ కలిగింది. కానీ రాణి వచ్చిన మర్నాడు ఏం జరిగిందో కూడా చెప్పండి. ఆమెకు తగిన పడకగది కావాలి, భోజనశాల కావాలి, కొలువు గది కావాలి, బతికుండగానే సమాధి గది కూడా సిద్ధంగా ఉండాలి. ఫలానా వస్తువును ఎగుమతి చేయరాదని ఆజ్ఞ వేస్తుంది, మరొకదానిని ఇన్ని చేయమని హుకుం జారీ చేస్తుంది, అది జరగకపోతే పనివాళ్లకు శిక్ష పడుతుంది. అంటే పైమెట్టు ఎక్కినందుకు ఆట ఆగిపోలేదు, మీ మీద బరువు మరికాస్త పెంచింది. సంపదను అది లెక్క వేస్తుందన్న మాట నిజమే, అయితే ఆ లెక్కను తరువాత ఏం జరగాలో నిర్ణయించడానికి వాడుకుంటుంది గాని, మీకు మార్కులు వేయడానికి కాదు. మెట్లు ఎక్కకుండా ఇరవై మందితో, పుట్టగొడుగుల మద్యంతో, ఏటి ఒడ్డున పదేళ్లు ప్రశాంతంగా బతికిన కోటను ఈ ఆట తక్కువ చేసి చూడదు. లక్ష్యం ఉన్న ఆట ఏదైనా ఆ తేడా చూపించి తీరుతుంది.

దస్తావేజు

నేను వృత్తి రీత్యా దస్తావేజు లేఖరిని. కాగితం మీద నిలిచేది ఏది, నిలవనిది ఏది అన్నదే నా రోజువారీ పని కనుక, ఈ ఆటను కూడా ఆ కంటితోనే చూస్తాను. పై ఇద్దరూ కోట గురించి మాట్లాడారు. కోట చుట్టూ ఉన్న ప్రపంచం గురించి ఎవరూ మాట్లాడలేదు.

కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు యంత్రం కొంతసేపు పనిచేయడం మీరు గమనించే ఉంటారు. ఆ సమయంలో అది కొండలనూ నదులనూ పుట్టించి ఊరుకోదు, ఏడాది తరువాత ఏడాదిగా ఒక చరిత్రను కూడా నడిపిస్తుంది. రాజ్యాలు లేస్తాయి, యుద్ధాలు జరుగుతాయి, పెళ్లిళ్లవుతాయి, ఒక రాక్షసి ఊరి మీద పడితే ఎవరో ఒకరు దానిని చంపి పేరు తెచ్చుకుంటారు. ఆ చరిత్ర మొత్తాన్ని చదువుకోవడానికి ఆటలోనే వేరే భాగం ఉంది. కృష్ణాతీరం గారూ, మీ కోట అంతరించిన క్షణంలో మీ 31 మంది చెరిగిపోలేదు. ఆ చరిత్రలోకి వెళ్లారు. ఆటను తెరిచి, మీ ప్రపంచం చరిత్రలో ఊరిస్ట్ పేరు వెతకండి. ఎప్పుడు పుట్టాడో, ఎవరి కొడుకో, మీ కోటకు ఎప్పుడు వచ్చాడో, ఏ ఏడాది నీటిలో మునిగి పోయాడో వాక్యాలుగా రాసి ఉంటుంది.

అదొక్కటే కాదు. మరుగుజ్జులు నున్నగా చేసిన రాతిగోడల మీద బొమ్మలు చెక్కుతారు, వాళ్లు చెక్కేది చాలాసార్లు ఆ ప్రపంచంలో నిజంగా జరిగిన సంగతులనే. నా కోటలో ఒకసారి భోజనశాల గోడలన్నీ చెక్కమని పురమాయించి, తరువాత ఒక్కో పలకనూ తెరిచి చదువుతున్నాను. ఒకచోట జున్ను ముద్ద, ఒకచోట ఖాళీ చతురస్రాలు, ఆ తరువాత పలక మీద ఒక మరుగుజ్జు స్త్రీ, ఒక గాబ్లిన్. గాబ్లిన్ ఆమెను కొట్టి పడవేస్తున్నాడు. కింద ఆమె పేరు, ఋతువు, ఏడాది ఉన్నాయి. అది నా కోటలో రెండేళ్ల కిందట జరిగిన సంగతి. ద్వారం దగ్గర తలుపు మూయడం నేను ఆలస్యం చేయడం వల్ల బయట చిక్కుకుపోయిన మనిషి ఆమె. చెక్కినది ఎవరో చూద్దామని వివరాలు తెరిస్తే, ఆమె కొడుకు. నేను అతనిని ఆ బొమ్మ చెక్కమని చెప్పలేదు, గోడలు చెక్కమని మాత్రమే చెప్పాను. అప్పటి నుంచి ఆ పలకకు ఎదురుగా బల్ల వేయించలేదు, ఆ చోటును ఖాళీగా ఉంచాను.

మరొక సంగతి. శవం దొరకక అంత్యక్రియలు జరగని మరుగుజ్జులు కొంతకాలానికి ప్రేతాలై కోటలో తిరుగుతారు. అయితే శవమే కావాలన్న నియమం లేదు. ఒక రాతిపలకను చెక్కి, దాని మీద ఆ మనిషి పేరూ పుట్టిన ఏడాదీ పోయిన తీరూ రాయించి నిలబెడితే ఆ ప్రేతం శాంతిస్తుంది. నా రెండో కోటలో వరద తరువాత మిగిలిన పదకొండు మందితో ఒక ఏడాదంతా వేరే పని చేయించకుండా రాతిపలకలే చెక్కించాను. పంట తగ్గింది, సంపద పెరగలేదు, రాతిమేడ గారి మెట్ల లెక్కలో నేను వెనకబడ్డాను. కానీ ఈ ఆటలో నేను చేసిన పనులన్నిటిలో తప్పనిసరిగా చేయవలసిన పని అనిపించింది అదొక్కటే. ఆట నన్ను బలవంతం చేయలేదు. పేరు రాసి ఉంచితే గుర్తుంచుకుంటానని ఒక ఏర్పాటు చేసి ఊరుకుంది.

అందువల్ల నా జవాబు పై ఇద్దరికీ కొంచెం భిన్నం. గెలుపు లేదు, మెట్లున్నా వాటిని ఎక్కితీరాలని లేదు. కానీ జరిగిన ప్రతిదీ నమోదవుతుంది. తాను చేసినది నమోదవుతుందని తెలిసిన మనిషి, ఎవరూ అడగకపోయినా, నమోదు కావడానికి తగిన పని చేయాలని చూస్తాడు. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే కావచ్చు. ఆ కోటను మీరు మళ్లీ స్వాధీనం చేసుకోవచ్చు కూడా. కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు అదే ప్రపంచాన్ని ఎంచుకుని, దిగవలసిన చోట పాడుపడిన కోటను తిరిగి నిలబెట్టే మార్గాన్ని తీసుకోండి. గోడలు మీరు తవ్వించినట్టే ఉంటాయి, వస్తువులు చెల్లాచెదరుగా పడి ఉంటాయి.

కృష్ణాతీరం

అందరికీ మనఃపూర్వకంగా ధన్యవాదాలు. మీ జవాబులను మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన గుజ్జనగూళ్ల దగ్గర తల ఊపారు, రాణి దగ్గర రాతిమేడ గారి పక్షం వహించారు. దస్తావేజు గారు రాసినది విన్నాక మాత్రం ఏమీ అనలేదు, కాసేపటికి "మరి ఊరిస్ట్ పేరు చూశావా?" అని అడిగారు.

చూశాను. అతను ఆ ప్రపంచంలో 71వ ఏడాదిలో పుట్టాడు. మా కోటకు రాకముందు పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లు అతనితోపాటు రాలేదు. వేరే కోటలో ఉన్నారు, ఇప్పటికీ బతికే ఉన్నారు. ఈ సంగతి కోట నడుస్తున్నన్నాళ్లూ నాకు తెలియదు. అతనిని నేను గడ్డపార పట్టుకున్న ఒక గుర్తుగానే చూశాను.

నిరూపించవలసినది ఏమిటన్న నా ప్రశ్నకు ఈ ఆట జవాబు చెప్పదని ఇప్పుడు అర్థమైంది, దానిని రాసుకోవలసినది నేనే. నేను రాసుకున్నది చాలా చిన్నది: ఆ కోటను తిరిగి నిలబెట్టాలి, 31 పలకలు చెక్కించాలి, ఆ పొలంలో ఒక్క పంటైనా తీయాలి. రాణి వస్తే మంచిదే, రాకపోయినా బాధ లేదు. నిన్న సాయంత్రం ఏడుగురితో అక్కడ దిగాను. పై అంతస్తు పొడిగానే ఉంది. మెట్ల నుంచి కిందికి చూస్తే అంతా ఏడులే. ఏరు ఇంకా ఆ సొరంగంలోకి వస్తూనే ఉంది. మొదటిసారి ఆడినప్పుడు చలికాలంలో ఆ ఏరు గడ్డకట్టడం చూశాను. అప్పుడు ఏదైనా చేయవచ్చా? ఈసారి తప్పు జరగకూడదు కనుక ముందే అడుగుతున్నాను.

ఓరుగల్లు వాకిలి

చేయవచ్చు, మీరు సరైన కాలాన్నే పట్టుకున్నారు. ఏరు గడ్డకడితే లోపలికి రావడం ఆగిపోతుంది. సొరంగం ఏటిని కలిసే చోట పైకప్పును పై నుంచే తవ్వించి తెరిచి ఉంచండి, ఆకాశం కనబడే చోట ఉన్న నీరే గడ్డకడుతుంది, కొండ లోపలి నీరు గడ్డకట్టదు. ఆ మంచును తవ్వి తీయించి, అదే చోట రాతిగోడ కట్టించండి. గోడ లేచాక లోపల మిగిలిన నీటికి కొండ అంచు వైపు దిగువన ఒక దారి తీస్తే అది మెల్లగా బయటికి పోతుంది. ఆ పనికి పంపే మనిషికి వెనక్కి పరుగెత్తడానికి మెట్లు దగ్గరగా ఉండేలా చూడండి.

పొలానికి నీరు కావాలనుకున్నప్పుడు కొత్త కాలువ తీయండి. ముందు కాలువ మధ్యలో నీటి తలుపు కట్టండి, కట్టగానే అది మూసుకునే ఉంటుంది. దానిని తెరిచే మీటను నీరు చేరలేని పై అంతస్తులో పెట్టండి. మీటకూ తలుపుకూ లంకె వేయడానికి రాతితో చేసిన యంత్రభాగాలు రెండు కావాలి, ఒకటి అటు, ఒకటి ఇటు. మీట లాగాక తలుపు కదలడానికి కాస్త సమయం పడుతుంది, ఆ ఆలస్యాన్ని లెక్కలో ఉంచుకోండి. కాలువను ఒకచోట మూల నుంచి మూలకు మాత్రమే తాకేలా ఏటవాలుగా మలిపితే నీటి ఒత్తిడి అక్కడే తెగిపోతుంది, పొలంలోకి నీరు ఎగదన్నదు. ఏటి గట్టును ఆఖరున, అది కూడా పై నుంచి తవ్వించండి, అప్పుడు తవ్వేవాడు నీటికి ఎదురుగా ఉండడు.

ఒక్క జాగ్రత్త మరిచిపోవద్దు. మంచు కరగడానికి ముందు ఆట ఏ హెచ్చరికా ఇవ్వదు, ఒక్క క్షణంలో నేల నీరైపోతుంది. చలికాలం మూడో నెల వచ్చేసరికి గోడ పూర్తయినా కాకపోయినా మీ ఏడుగురినీ ఏటి మీది నుంచి వెనక్కి పిలిపించండి.